గాయంలో వేలు: కరవాజ్జో చిత్రించిన తోమా

ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1601–02 ప్రాంతంలో రచించిన ‘తోమా అవిశ్వాసం’ నేడు జర్మనీలోని పోట్స్‌డామ్‌లో, సాన్‌సూసీ చిత్రశాలలో ఉన్నది. ఆధారం యోహాను సువార్త 20వ అధ్యాయం. పునరుత్థానుడైన క్రీస్తు శిష్యులకు కనిపించినప్పుడు తోమా అక్కడ లేడు. గాయాలను చూచి, తాకితే తప్ప నమ్మనన్నాడు. ఎనిమిది దినాల తరువాత క్రీస్తు వచ్చి తాకుమన్నాడు.

తోమా తాకినట్లు సువార్తలో లేదు. పిలుపు విన్నంతనే ఆయన నోట విశ్వాసప్రకటన వెలువడింది. చిత్రకారుడు మాత్రం వేలిని గాయంలోకే దింపాడు. ఆ చేతిని నడిపించేది క్రీస్తు చేయి. ముడతలు పడిన నుదురు, భుజం వద్ద పిగిలిన కుట్టు, కాంతివలయాలు లేని శిరస్సులు: పరీక్షాదృష్టికి ఇంత నిజాయితీగల చిత్రణ అరుదు. అయినా మూలం విడిచిన ఖాళీని పూరించడం వల్ల నష్టం కలిగింది. చూడక నమ్మేవారిని క్రీస్తు ధన్యులనడమే ఆ ఘట్టానికి ప్రాణం. అది తరువాతి తరాల పాఠకులకు ఉద్దేశించినది. అమరావతి తొలిదశ శిల్పులు శూన్యాసనాన్ని, పాదముద్రలను చెక్కి ఇటువంటి ఖాళీని కాపాడారు.

అంతమాత్రాన బౌద్ధ శ్రద్ధ, ఈ విశ్వాసం ఒకటే అనడం తొందరపాటు. వచ్చి చూడుమనే ధర్మంలో శ్రద్ధ అన్వేషణకు ఆరంభం. యోహానులో విశ్వాసం ఒక వ్యక్తిపై నమ్మకం. అది సాక్షుల మాట ద్వారా అందుతుంది. తోమా కాదన్నది తోటివారి సాక్ష్యాన్నే. చిత్రంలో ఆయన వెనుక నిలిచిన ఇద్దరు శిష్యులూ గాయంలోకే తొంగిచూస్తున్నారు.