శోక నవమి

ఆషాఢ మేఘం శేరిలింగంపల్లి అద్దాల మేడల మీద వాలే వేళనో, శ్రావణపు జల్లు నల్లగండ్ల చెరువును తాకే వేళనో, శుక్లపక్ష నవమి దరిదాపుల్లో యూదుల ఇంట వెలుగు చిన్నబోతుంది. హీబ్రూ పంచాంగంలో అది ఆవ్ నెల తొమ్మిదో రోజు, తిషా బె ఆవ్. మన నెలల్లాగే అమావాస్య వెనుక పుట్టి, అధిక మాసంతో సర్దుకునే నెల అది. సగం దాటిన ఆ చంద్రుడు మనకూ వాళ్లకూ ఒక్కడే!

ఎంతటి పాపిష్టి తిథి! క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సేన యెరూషలేములోని సొలొమోను ఆలయాన్ని కాల్చింది. క్రీ.శ. 70లో రోమన్ సేనాని తీతు దండు రెండో ఆలయాన్ని బూడిద చేసింది. 135లో యూదుల బేతారు కోట రోమన్ల చేతిలో కూలింది. యెరూషలేము గుండెల మీద నాగలి నడిచింది. ఇవన్నీ ఆ తిథికే పట్టిన శాపాలని వాళ్ల పెద్దలు మిష్నా అనే ధర్మగ్రంథంలో రాసుకున్నారు. అయ్యో, అన్నం పెట్టే నాగలితో ఊరి ఆనవాలు చెరిపారే!

పొద్దుగుంకింది మొదలు మర్నాడు చుక్కలు పొడిచేదాకా మెతుకు లేదు, గుక్కెడు నీళ్లు లేవు. స్నానం లేదు, తలకు నూనె లేదు, కాలికి తోలు చెప్పు లేదు. ఎదురైనవారిని పలకరించరు. ఉపవాసానికి ముందు కడపటి ముద్దగా ఉడికించిన గుడ్డును బూడిదలో అద్దుకుని తినేవారున్నారు. ప్రార్థన మందిరంలో తెర తొలగిస్తారు, దీపాలు తగ్గిస్తారు, నేల మీద కూలబడి, యిర్మీయా ప్రవక్త పేరున నిలిచిన విలాపవాక్యాలు సన్నని గొంతుతో చదువుకుంటారు. ధర్మశాస్త్రం కూడా చదవకూడదు, అందులోని శోకభాగాలు తప్ప. ధర్మశాస్త్ర పఠనం మనసుకు సంతోషమట! ఈ నియమం తలచినప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి. దుఃఖానికి ఇంత మర్యాద చేసిన జాతి మరొకటి ఉందా?

మన గడ్డ మీదా యూదుల పేరు వినిపిస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయిము గోత్రికులమని నమ్మే తెలుగు కుటుంబాలున్నాయి. బెనే ఎఫ్రాయిములు వాళ్లు, 1991లో తమ ప్రార్థన మందిరాన్ని నెలకొల్పుకున్నారు. మాదిగవాడ బాధలెరిగిన బతుకులవి. వెలి అంటే ఏమిటో ఆ గుండెలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక మన శేరిలింగంపల్లి. 250 కోట్ల ఏళ్ల బండలను పేల్చి మేడలు కట్టుకున్నాం. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కూల్చే యంత్రాలు దిగాయి. నెమళ్లు ఏడ్చాయని చెప్పుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది, అప్పటికే ఎన్నో చెట్లు నేలకొరిగాయి. ఆలయదహనానికి ఇది సాటి అనను, ఆ రక్తానికి సాటి లేదు. కానీ 19 శతాబ్దాలు ఒక నగరాన్ని ఆకలితో, కన్నీటితో కాపాడుకున్నవారి ముందు నిలబడితే సిగ్గుగా ఉంది. మన పంచాంగంలో పోయిన చెట్టుకొక తిథి లేదు, పగిలిన బండకొక పూట లేదు.

విలాపవాక్యములు మన తెలుగు బైబిలులో ఉంది, ఐదే అధ్యాయాలు. ఏ మతంవారైనా సరే, ఈసారి ఆవ్ తొమ్మిదో రాత్రి ఫోను పక్కన పెట్టి, నేల మీద కూర్చుని చదవండి.