అమాయకుడు, గడుసువాడు: రాజకీయ హాస్యోక్తి – ప్రజల స్పందన

నాయకుడు వేదికమీద విసిరిన హాస్యోక్తిని మన విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. అది పత్రికా విలేకరుల పని అనుకుంటారు. కాని అందులోనూ వస్తువుంది, పాత్రలున్నాయి, శ్రోతలున్నారు. ఒక ప్రాంతం వారందరినీ ఒకే పాత్రగా కుదించి నవ్వించడం కథకుడు చేస్తే మూసపాత్ర అంటాం. నాయకుడు చేస్తే ఎందుకు ఊరుకోవాలి? ఆ మాటకు ప్రజలు ఎలా స్పందించారన్నది కూడా విమర్శకు అందవలసిన విషయమే.

తెలుగు రాజకీయాల్లో ఇటువంటి మాటల్లో ప్రసిద్ధమైనది మా జిల్లా కేంద్రంలోనే పుట్టింది. 1956 మార్చిలో నిజామాబాద్ బహిరంగసభలో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్ర, తెలంగాణల విలీనాన్ని ప్రస్తావిస్తూ, ఒక అమాయకపు పిల్లను గడుసు పిల్లవాడికిచ్చి పెళ్ళి చేస్తున్నామని, పొసగకపోతే విడిపోవచ్చునని చమత్కరించారని ప్రతీతి. ఆ పోలిక 1969 ఉద్యమంలోనూ, మలి ఉద్యమంలోనూ వేదిక వేదికా వినిపించింది. తెలంగాణ ప్రజలు దానిలోని రెండవ సగాన్ని హామీగా తీసుకుని అమలు చేయమన్నారు. మాటను మాట చెప్పినవాడికే అప్పజెప్పిన ఆ స్పందనలో రాజకీయ వివేకం ఉంది.

మొదటి సగం సంగతి వేరు. పిల్ల అమాయకురాలు, పిల్లవాడు గడుసువాడు అన్న పాత్రల విభజనను ఎవరూ ప్రశ్నించలేదు. పైగా మనమే దాన్ని తలకెత్తుకున్నాం. ఆ సభకు రెండు వారాల ముందు, 1956 ఫిబ్రవరి 20న, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఉద్యోగాలు, మిగులు ఆదాయం, తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలపై నియంత్రణ అన్నీ అందులో ఉన్నాయి. అది కాగితంమీది షరతుల వ్యవహారం. షరతు ఉల్లంఘించినవాడిని పేరు పెట్టి నిలదీయవచ్చు. అదే వ్యవహారాన్ని పెళ్ళికొడుకు గడుసుతనంగా, పెళ్ళికూతురు అమాయకత్వంగా మార్చి చెబితే ఉల్లంఘన స్వభావమైపోతుంది. స్వభావాన్ని నిలదీయడానికి వీలులేదు. మూసపాత్ర పాలకవర్గానికి చేసిపెట్టే సేవ ఇదే.

ఇటీవలి ఉదాహరణ చూద్దాం. 2025 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ రాజోలు ప్రాంతంలో దెబ్బతిన్న కొబ్బరి తోటలను చూడటానికి వెళ్ళారు. శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఎగదన్నిన ఉప్పునీటితో చెట్లు మోడువారాయి. ఆ సందర్భంలో ఆయన, కోనసీమ పచ్చదనం కూడా రాష్ట్ర విభజనకు ఒక కారణమని, తెలంగాణవాళ్ళ దిష్టి తగిలిందని అర్థం వచ్చేలా మాట్లాడారు. తెలంగాణలో పలు పార్టీల నాయకులు మండిపడ్డారు. సినిమాటోగ్రఫీ మంత్రి కోమటిరెడ్డి వెంకటరెడ్డి, క్షమాపణ చెప్పకపోతే ఆయన సినిమాలు ఆడనివ్వమన్నారు. మాటలను వక్రీకరించారని జనసేన వివరణ ఇచ్చింది.

ఈ మొత్తం వివాదంలో పాత్రలన్నీ కనిపించాయి, కొబ్బరి రైతు మాత్రం కనిపించలేదు. డ్రెయిన్ పూడిక ఎవరు తీయాలి, చెట్టు పోయిన రైతుకు దారేమిటి అన్న ప్రశ్న దిష్టి మాటతో పక్కకు తప్పుకుంది. దిష్టికి బాధ్యుడైన ఇంజనీరు ఉండడు, నిధులు ఆపిన శాఖ ఉండదు. అడ్డుకోబోయిన తెలంగాణ నాయకుల మాటలూ ఆ ప్రశ్న దగ్గరికి రాలేదు. వాళ్ళు అవమానం గురించి మాట్లాడారు, ఉప్పునీటి గురించి మాట్లాడలేదు. నవ్వించినవాడూ, కోపగించుకున్నవాడూ ఒకే నాటకంలో ఎదురెదురు పాత్రలు ధరించారు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. తెలుగు సినిమాలో దశాబ్దాల తరబడి మన భాషను రౌడీకీ, విదూషకుడికీ అంటగట్టారు. అలా నవ్వులపాలైనవాడు కోపగించుకుంటే, అసలు సమస్య వేరే ఉందని బోధించడం పెద్దరికం చూపించడం కాదా? అవును. ఆత్మగౌరవం చిల్లర విషయమని నేననను. భాషను వెక్కిరించడంలో ఉద్యోగాన్ని నిరాకరించడమూ ఉంటుందని ఈ ప్రాంతపు నిరుద్యోగులకు అనుభవపూర్వకంగా తెలుసు. అయితే ఆ కోపం ఎవరి చేతికి వెళుతున్నదన్నది చూడాలి. ప్రజల కోపాన్ని మంత్రి అరువు తెచ్చుకుని తన ప్రకటనలో వాడుకున్నప్పుడు, ప్రజలకు దక్కేది ఒక క్షమాపణ డిమాండు మాత్రమే.

నేను పాఠం చెప్పే వర్నిలో ఈ పాత్రల పంపకం ఎక్కడా సరిపోదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి, కాలువ నీళ్ళు పారిన తరువాత కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి భూములు కొన్నారు. ఊళ్ళ పక్కన క్యాంపులు వెలిశాయి. భూమి చేతులు మారిన తీరులో అన్యాయాలు జరగలేదని చెప్పను. కాని ఇవాళ ఆ క్యాంపుల్లో ఉన్నది మూడో తరం, నాలుగో తరం. దిష్టి గొడవ నడిచిన రోజుల్లో క్యాంపు నుంచి వచ్చే పదో తరగతి పిల్లవాడొకడు నన్నడిగాడు: "సార్, మా తాత ఈడనే పుట్టిండు. మేము దిష్టి పెట్టినోళ్ళల్ల వస్తమా, తగిలినోళ్ళల్ల వస్తమా?" తరగతి నవ్వింది. వాడు నవ్వలేదు. వాడి ప్రశ్నలోనే ఆ హాస్యోక్తి విమర్శంతా ఉంది.

చెరుకు సంగతి తీసుకోండి. 1937లో స్థాపించిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారానికి ఊరి రైతూ, క్యాంపు రైతూ ఒకే బండ్ల బారులో చెరుకు తోలారు. ఉమ్మడి రాష్ట్రంలో, 2002లో, అది ప్రైవేటు చేతికి పోయింది. గడుసువాడి పని అన్నాం. సొంత రాష్ట్రం వచ్చాక, 2015 డిసెంబరులో, మూతపడింది. ఇది ఏ గడుసువాడి పని? శక్కర్‌నగర్ కార్మికుడి జీతం ఆగింది, రెండు రకాల రైతులూ చెరుకు వదిలి వరికి మళ్ళారు. వాళ్ళందరినీ ఒకే దెబ్బ కొట్టిన ఆర్థిక విధానానికి ప్రాంతీయ హాస్యంలో పాత్రే లేదు.

మన స్పందనకున్న మరో హద్దును కూడా చెప్పుకోవాలి. 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి, కె.సి.ఆర్. మూలాలు బీహార్‌వని, బీహార్ డి.ఎన్.ఏ. కంటే తెలంగాణ డి.ఎన్.ఏ. మేలైనదని అన్న మాటలు వివాదమయ్యాయి. బీహార్ నాయకులు తీవ్రంగా ఖండించారు. దిష్టి మాటకు ఉలిక్కిపడిన మన రచయితల్లో ఎందరికి ఆ మాట గుచ్చుకుంది? మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీ మన పొరుగువాడు. అతని పుట్టుకను తక్కువ చేసిన మాటలో మనకు తప్పు కనిపించకపోతే, మనం కాపాడుకుంటున్నది న్యాయాన్నా, మన వంతునా?

అవమానానికి ఇంకొక తీరు జవాబు మన చరిత్రలోనే ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తెలంగాణవాడు అమాయకుడు కాడనీ, గడుసువాడేననీ ఆయన వాదించలేదు. ఊరూ పేరూ ఉన్న మనుషులను, వాళ్ళ పనిని ముందు పెట్టారు. మూసను మనుషులతో బద్దలుకొట్టడం అది. హాస్యానికి కూడా మనకు మంచి కొలమానం ఉంది. కన్యాశుల్కంలో లుబ్ధావధానులను చూసి నవ్వుతాం. అతను ఏ ఊరివాడన్నది ఆ నవ్వుకు కారణం కాదు, పిల్లను డబ్బుకు కొనబోవడం కారణం. గురజాడ నవ్వు దురాచారం మీదికి పోతుంది, పుట్టుక మీదికి పోదు.

కాబట్టి అభ్యుదయ రచయిత ముందుగా పరీక్షించవలసింది తన కథలనే. మన కథల్లో తెలంగాణ రైతు ఎంత తరచుగా నోట్లో నాలుక లేనివాడు! వలస రైతు ఎంత తరచుగా లెక్కల పుస్తకం చంకలో పెట్టుకున్న ఆశపోతు! మొదటిది సానుభూతి, రెండవది ఆగ్రహం అనుకుంటాం. రెండూ నిజామాబాద్ సభలో పంచిన వేషాలే. సాయుధ పోరాటం నడిపిన ప్రజలను అమాయకులనడం మెచ్చుకోలు కాదు. కౌలుకు చేసే క్యాంపు రైతునూ, వంద ఎకరాల ఆసామినీ ఒకే గడుసువాడిగా చూపడం వర్గ దృష్టీ కాదు. మన కథలోని మనిషి ఎవరి భూమి దున్నుతున్నాడో, ఎవరికి బాకీ ఉన్నాడో, మూతపడ్డ కర్మాగారం అతని ఇంట్లో ఏం మార్చిందో చెప్పగలిగితే, వేదికమీది నాయకుడు పంచే వేషం అతనికి పట్టదు. ఆ పని రచయితలు చేయనంతకాలం ఆ వేషాలను నాయకులే కుడుతుంటారు, మనం తొడుక్కుంటూ ఉంటాం.