నడకను కత్తిరించొద్దు

ఇవాళ మన గూడేల్లో చదువుకునే పిల్లలు చాలామంది ఫోన్‌తో వీడియోలు తీస్తున్నారు. కైన్‌మాస్టర్‌లోనో ఇన్‌షాట్‌లోనో తామే కోసి, అతికించి, పాట కలుపుతున్నారు. వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒకటి తీసి, అది బాగా రాక, ఇంకొకటి తీసి నేర్చుకున్నారు. ఇది సంతోషించాల్సిన సంగతి. నిన్నటిదాకా మనల్ని బయటివాళ్లే తీశారు, మనం చూస్తూ నిలబడ్డాం. అయితే ఈ వీడియోలను వరసగా చూస్తే ఒక అనుమానం కలుగుతుంది. కెమెరా మన చేతికి వచ్చింది సరే, కత్తెర కూడా వచ్చిందా?

గుస్సాడీ వీడియోలనే తీసుకుందాం. నెమలి ఈకల టోపీ దగ్గరగా కనిపిస్తుంది. స్లో మోషన్‌లో ఒక గెంతు. వెనక డీజే పాట. ముప్పై సెకన్లలో అయిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దీపావళి రోజుల్లో ఒక ఊరి దండారి బృందం ఇంకో ఊరికి చుట్టంగా వెళ్తుందని, ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి తీసుకెళ్లి అన్నం పెడతారని ఆ వీడియో చెప్పదు. ఏ ఊరు ఏ ఊరికి వెళ్లిందో తెలియదు. డోలు, పెప్రె మోత డీజే కింద మునిగిపోయింది. మర్లవాయికి చెందిన కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది ఈ ఆటకే. ఆయన నేర్పిన ఆటలో గెంతు ఒక్కటే లేదు, ఊరికీ ఊరికీ మధ్య ఉన్న చుట్టరికం ఉంది. మామూలు తెలుగు సినిమా మన గురించి చేసేదీ ఇదే. ఈకలు, కేకలు మిగిల్చి మనుషుల్ని తీసేస్తుంది. ఆ కోతనే మన పిల్లలు నేర్చుకుని, మన మీదే వాడుతున్నారు.

మరి మన కోత ఎలా ఉండాలి? దీనికి జవాబు వెతికేవాళ్లు చూడదగ్గ పాత సినిమాలు కొన్ని ఉన్నాయి. అవి మన దేశానివి కావు, కానీ మనలాంటివాళ్లు తీసినవి.

1966 వేసవిలో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, పైన్ స్ప్రింగ్స్ అనే చోట, సోల్ వర్త్, జాన్ అడైర్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు నవాహో ఆదివాసులకు 16 ఎం.ఎం. కెమెరాలు ఇచ్చారు. రీలు ఎక్కించడం, వెలుతురు చూసుకోవడం, ఫిల్మును కోసి అతికించడం చూపించారు. ఏం తీయాలో, ఎలా కూర్చాలో మాత్రం చెప్పలేదు. ఎవరి సినిమా వాళ్లే ఎంచుకున్నారు. అంటే అది సొంత పనితో నేర్చుకునే చదువే.

సూసీ బెనాలీ అనే యువతి తన తల్లి రగ్గు నేయడాన్ని తీసింది. 'నేత' అనగానే మనం మగ్గం దగ్గర మొదలుపెడతాం. ఆమె అక్కడితో ఆగలేదు. తల్లి నడుస్తుంది. ఉన్ని కడగడానికి వేరు తవ్వుతుంది. గొర్రె ఉన్ని కత్తిరిస్తుంది, రంగుకు మొక్కలు ఏరుతుంది, ఉన్ని దువ్వుతుంది, వడుకుతుంది. మళ్లీ నడుస్తుంది. సినిమాలో చాలా భాగం నేతకు ముందు జరిగే ఈ పనులకే పోతుంది. ముఖాన్ని దగ్గరగా చూపించే షాట్లు దాదాపు లేవు. ఎదుటివారి ముఖంలోకి తేరిపార చూడటం నవాహోలకు మర్యాద కాదు. జానీ నెల్సన్ అనే యువకుడు వెండిపని మీద తీసిన సినిమాలోనూ ఇలాగే బోలెడు నడక ఉంది. సినిమా బడిలో అయితే గురువు ఆ నడకనంతా కోసేయమంటాడు. కానీ వాళ్ల లెక్కలో నడకే పని. నేల మీద తిరగకుండా రగ్గు లేదు.

ఈ సినిమాలకు లోపాలు లేవని కాదు. శబ్దం లేకపోవడం పెద్ద లోటు. ఆ తల్లి ఏం మాట్లాడిందో, ఏం పాడుకుందో మనకు వినబడదు. పైగా అది బయటివాళ్ల పరిశోధన, ప్రశ్న వాళ్లది. అక్కడి పెద్ద, వైద్యం చేసే సామ్ యాజీ దాన్ని మొదట్లోనే పట్టుకున్నాడు. సినిమా తీస్తే గొర్రెలకు కీడు జరుగుతుందా అని అడిగాడు. జరగదన్నారు. అయితే మేలు జరుగుతుందా అని అడిగాడు. అదీ లేదన్నారు. మరి ఎందుకు తీయడం అన్నాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. మన పిల్లల ప్రతి వీడియో ముందూ నిలబడే ఉంది.

దానికి ఒక జవాబు సూసీ ఇంట్లోనే దొరికింది. ఆమె తన తల్లికి కెమెరా పట్టడం నేర్పింది. ఇంగ్లీషు రాని ఆ తల్లి, ఈసారి కూతురు నేస్తుండగా తీసింది. కూతురు నేర్పింది, అమ్మ తీసింది. పరిశోధకులు కోరుకున్న ఫలితం ఏదైనా, మనకు పనికొచ్చేది ఇదే.

శబ్దం లోటును తీర్చిన సినిమా మన దేశంలోనే ఉంది. జార్ఖండ్‌లో మేఘనాథ్‌తో కలిసి కుడుఖ్ ఆదివాసి బిజు టొప్పో తీసిన 'గాడీ లోహర్‌దగా మెయిల్' అది. రాంచీ, లోహర్‌దగా మధ్య నడిచిన చిన్న రైలు ఆగిపోతున్న రోజుల్లో, ఆ రైల్లోనే అక్కడి కళాకారులు పాడుతూ వెళ్తారు. ఇక్కడ కథ నడిచేది పాట మీద, రైలు చప్పుడు మీద. ఏ డీజే అక్కర్లేదు.

ఫోన్‌తో నేర్చుకుంటున్న పిల్లలకు ఈ సినిమాల నుంచి మూడు మాటలు చెప్పొచ్చు. ఒకటి, పండుగ కన్నా ముందు ఒక పనిని తీయండి. ఇప్పపువ్వు ఏరడమో, విస్తరి కుట్టడమో, డోలుకు తోలు బిగించడమో. పని ఎక్కడ మొదలవుతుందో పెద్దల్ని అడిగి, అక్కడినుంచే తీయండి. రెండు, పాట కలిపే ముందు ఒకసారి అసలు శబ్దంతోనే చూడండి. మన గోండి మాటో, కోయ మాటో, కొలామీ మాటో అందులో ఉంటే తుడిచేయొద్దు, కింద తెలుగు అక్షరాలు వేయండి. మూడు, కోసిన వీడియోను లోకానికి పంపే ముందు అందులో ఉన్నవాళ్లకే చూపించండి. చూపించకూడనిది ఉంటే వాళ్లే చెబుతారు. ఏ ముక్క తీసేస్తే కోపం వచ్చిందో, ఆ ముక్కే మీ సినిమా అని గుర్తుపెట్టుకోండి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లవాడు తెచ్చిన వీడియో మెల్లగా ఉంటే వెంటనే కుదించమని చెప్పకండి. ఈ నడక ఎందుకు ఉంచావని అడగండి. జవాబు చెప్పగలిగితే ఉంచనివ్వండి. చెప్పలేకపోతే, ఇంటికెళ్లి వాళ్ల అవ్వను అడిగి రమ్మనండి.