ఊపిరికి చోటు

మా వీధి రామాలయంలో శనివారం భజనకు నేను హార్మోనియం పట్టుకుని పాతికేళ్లు దాటింది. మొదట్లో పల్లవికీ చరణానికీ మధ్య ఏ కాస్త సందు దొరికినా స్వరాలతో నింపేసేవాణ్ణి. ఓ రోజు పాడే పెద్దాయన పాట ఆపేసి, ‘‘అబ్బాయ్, నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీరా’’ అన్నాడు. ఆ మాట నిజంగా బుర్రకెక్కింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, అమెరికా సంగీతకారుడు నాట్ కింగ్ కోల్ రికార్డులు విన్నాకే.

కోల్‌ని లోకం గాయకుడిగానే గుర్తుపెట్టుకుంది. అసలు వచ్చింది పియానో దగ్గర్నుంచి. 1919లో అలబామాలోని మాంట్‌గమరీలో పుట్టి, షికాగోలో పెరిగాడు. తొలి పాఠాలు అమ్మ దగ్గర. 1937లో లాస్ ఏంజెలెస్‌లో కట్టిన జట్టులో ముగ్గురే: పియానో, గిటారు, బేస్. డ్రమ్స్ లేవు. అదెంత సాహసమో పక్కవాద్యం వాయించేవాళ్లకు తెలుస్తుంది. లయ చూసుకునే మనిషి విడిగా లేనప్పుడు అది ముగ్గురి వేళ్లలోనూ ఉండాలి. ఒకడు అత్యుత్సాహపడితే మిగతా ఇద్దరూ మునిగిపోతారు.

పాడటం వాళ్లకు మొదట్లో వాయిద్యం మధ్యమధ్య ఒక మార్పు, అంతే. 1943లో, తండ్రి చర్చి ప్రసంగాల్లో చెప్పే ఓ పిట్టకథను పాటగా కట్టి కాపిటల్ సంస్థకు రికార్డు చేశాడు. దేశమంతా విన్నది. 1948లో ‘నేచర్ బాయ్’, 1950లో ‘మోనాలిసా’. క్రమంగా వెనక వయొలిన్ల బృందం చేరింది, ఆయన పియానో వదిలి మైకు ముందుకొచ్చాడు. జాజ్ అభిమానులు నొచ్చుకున్నారు. నేనూ చాలాకాలం వాళ్ల పక్షమే. ఇప్పుడు కాదు. ఆ గొంతులో పియానో ఎక్కడికీ పోలేదు. ప్రతి మాటా మెట్టు మీద వేలు ఆనించినట్టు పడుతుంది, చివరి అక్షరం దాకా వినిపిస్తుంది, ఆ తర్వాత వేలు తీసేసినట్టే ఆగుతుంది. ఆ ఆగడంలో తొందర ఉండదు.

అంత మెత్తగా పాడే మనిషిని 1956 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో తెల్లజాతి దురహంకారులు వేదిక మీదే పడగొట్టారు. తను పుట్టిన రాష్ట్రంలోనే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ నవంబరులో ఎన్‌బీసీ టీవీలో ఆయన సొంత కార్యక్రమం మొదలైంది. జాతీయ స్థాయి ప్రకటనదారు ఒక్కడూ ముందుకు రాలేదు. ఏడాది పైచిలుకు నడిపి ఆపేశాడు.

ఆ దాడికీ ఈ కార్యక్రమానికీ నడుమ, 1956 వేసవి చివర, మళ్లీ పియానో ముందు కూర్చుని ‘ఆఫ్టర్ మిడ్‌నైట్’ ఆల్బమ్ రికార్డు చేశాడు. 1957లో వచ్చింది. నేను మళ్లీ మళ్లీ వినేది అదే. ఒక పాటలో స్టఫ్ స్మిత్ వయొలిన్ అందుకుంటాడు. కోల్ వేళ్లు అతని కింద అవసరమైనంతే పలికి తప్పుకుంటాయి. తన గొంతుకూ అంతే మర్యాద. పాడేదీ వాయించేదీ ఒకే మనిషి అయినా, గొంతు వచ్చేసరికి చేయి పక్కకు జరుగుతుంది. నలభై అయిదేళ్లకే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో, 1965లో పోయాడు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. వాళ్లబ్బాయి పాడుతున్నాడు. పోయిన శనివారం పల్లవి ముగియగానే మెట్ల మీంచి కుడిచేయి తీసేశాను. తిత్తి మాత్రం మెల్లగా ఆడిస్తూ, ఒట్టి శ్రుతి పట్టుకుని ఉన్నాను. అతను నింపాదిగా ఊపిరి పీల్చుకుని, చరణం ఎత్తుకున్నాడు.