బురుజు కింద సినిమా చుక్కలు

కర్నూలు కొండారెడ్డి బురుజు గురించి విజ్ఞాన సర్వస్వంలో ఏం రాస్తాం? విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన ముక్క ఇదని రాస్తాం. ఆలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో ఖైదు చేశారనీ, ఆ పేరు అలా వచ్చిందని చెప్పుకుంటారనీ రాస్తాం. మూలాలు ఇస్తాం, ఫొటో ఎక్కిస్తాం. అంతా అయ్యాక ఎవరో వచ్చి అడుగున 'సినిమాల్లో' అని ఒక శీర్షిక పెడతారు. దాని కింద చుక్క పెట్టి ఒక సినిమా పేరు, ఇంకో చుక్క, ఇంకో పేరు. పాటలో వెనకాల రెండు క్షణాలు కనబడినా చుక్కే, హీరో జీపు ముందునుంచి దూసుకుపోయినా చుక్కే.

తెలుగు వికీపీడియాలో (తెవికీలో) దిద్దుబాట్లు చేసేవాళ్లకి ఈ చుక్కలు కొత్త కాదు. ఉంచాలా తీసెయ్యాలా అని చర్చ పేజీలో మొదలవుతుంది, అక్కడ తేలకపోతే అందరూ చేరి చర్చించే రచ్చబండ పేజీకెక్కుతుంది. తీసెయ్యాలనే వాళ్లలో కొందరి వాదన ఒకటే: చరిత్ర రాసే చోట సినిమా కబుర్లేంటండీ? ఈ మాట నాకు ఎప్పుడూ రుచించలేదు. శాసనం గొప్పది, సినిమా చవకది అనేది వాళ్ల అభిరుచి. దాన్ని నియమంగా మా నెత్తిన రుద్దితే ఎలా? బురుజు ముందు సెల్ఫీ దిగే కుర్రాణ్ణి అడిగి చూడండి, అచ్యుతదేవరాయలు పేరు ముందొస్తుందో మహేష్ బాబు పేరు ముందొస్తుందో.

2003లో గుణశేఖర్ తీసిన 'ఒక్కడు' గుర్తుంది కదా. కబడ్డీ ఆడడానికి హైదరాబాద్ నుంచి కర్నూలు వచ్చిన కుర్రాడు మహేష్ బాబు బురుజు దగ్గర విలన్ ప్రకాష్ రాజ్ మీద చెయ్యి చేసుకుంటాడు. కర్నూలు ఎప్పుడూ చూడని వాళ్లకి కూడా ఆ గోడలు ఆ ఒక్క దెబ్బతో పరిచయమైపోయాయి. అంతకుముందు అది రాయలసీమలో ఒక పాత కట్టడం. ఆ తర్వాత తెలుగువాళ్లందరికీ 'ఒక్కడు బురుజు'. ఇది బురుజు చరిత్రలో జరిగిన సంగతే, సినిమా చరిత్రలో మాత్రమే కాదు. కాబట్టి వ్యాసంలో ఉండాలి. చుక్కగా కాదు, ఏం జరిగిందో చెప్పే వాక్యంగా.

అదే సినిమాని చార్మినార్ వ్యాసంలోకి తీసుకెళ్లండి. హీరో ఇల్లు చార్మినార్ పక్కనే, విలన్ నుంచి కాపాడి తెచ్చిన అమ్మాయిని దాచిపెట్టేది అక్కడే. సినిమాలో సగం చార్మినారే. మరి చుక్క పెడదామా? మనం చూసిన ఆ చార్మినార్, చుట్టూ ఉన్న ఆ పాతబస్తీ ఇళ్లూ నగరం శివార్లలో వేసిన సెట్. అసలు చార్మినార్‌కి 'ఒక్కడు' వల్ల కొత్తగా ఒరిగిందీ లేదు, తరిగిందీ లేదు. ఆ సెట్ కథ సినిమా వ్యాసంలో రాసుకుంటే బంగారంలా ఉంటుంది. చార్మినార్ వ్యాసంలో మాత్రం దానికి పనిలేదు.

సెట్ అయితే వద్దు, అసలుదైతే కావాలి అన్నది సూత్రమా అంటే, అదీ కాదు. 2020లో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చింది. అందులో మహేష్ బాబు మళ్లీ కొండారెడ్డి బురుజు ముందు నిలబడతాడు, ఎదురుగా మళ్లీ ప్రకాష్ రాజే. ఈసారి బురుజు రామోజీ ఫిల్మ్ సిటీలో వేసిన సెట్. అయినా నేను దాన్ని ఉంచుతాను. పదిహేడేళ్ల తర్వాత ఒక నిర్మాత డబ్బు పోసి ఆ బురుజుని మళ్లీ కట్టించాడంటే, జనం మనసులో దాని స్థానం ఏమిటో అంతకన్నా పెద్ద రుజువు ఏం కావాలి? నిజం బురుజు దగ్గరే షూటింగ్ చేసుకున్న పాటలేమో బయటికి, సెట్ వేసిన సినిమా లోపలికి. వినడానికి వింతగానే ఉంటుంది.

'ఒక్కడు'ని 2004లో తమిళంలో 'గిల్లి'గా తీసినప్పుడు కర్నూలు కాస్తా మదురై అయింది. దాన్ని కూడా బురుజు వ్యాసంలో చేర్చబోయేవాళ్లు ఉంటారు. అది చుట్టానికి చుట్టం. 'ఒక్కడు' వ్యాసంలో కూర్చోబెట్టి భోజనం పెట్టండి, ఇక్కడికి తీసుకురాకండి.

ఇక మూలాల పేచీ. 'సినిమా చూస్తే కనబడుతుంది కదా, ఇంకా మూలం ఎందుకు?' అంటారు. కనబడిందనడానికి సినిమానే సాక్ష్యం, ఒప్పుకుంటాను. కానీ దానివల్ల ఏదో మారిందని సినిమా చెప్పదు. ఆ మాట ఇంకెవరో, అందులో లాభం లేనివాళ్లు, ఎక్కడో రాసి ఉండాలి. ఒక్కోసారి అలాంటి మూలం చుక్కల జాబితానే కరిగించేస్తుంది. 'మాయాబజార్' (1957) సంగతి చూడండి. 'అహ నా పెళ్ళంట', 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ' అని మూడు చుక్కలు పెడితే అది క్విజ్ పోటీకి సరుకు. ఆ మూడు సినిమాలూ 1987, 88ల్లో జంధ్యాల తీసినవే, మూడు పేర్లూ మాయాబజార్ పాటల్లోంచి తీసుకున్నవే అని ఒక్క వాక్యం రాస్తే, ఒక దర్శకుడికి ఆ సినిమా మీదున్న మోజు తెలుస్తుంది.

కొమర్రాజు లక్ష్మణరావు గారికి ఈ చుక్కల బెడద లేదు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు తెచ్చి, అక్షరమాల మొదట్లో ఉండగానే 1923లో ఆయన వెళ్లిపోయారు. కాగితం, అచ్చుకూలి, చందాదారులు, అన్నిటికీ లెక్క ఉండేది. 'చోటు లేదు' అంటే వాదన ముగిసేది. మనకి చోటుకి కరువు లేదు గనక, ఎందుకు వద్దో ప్రతిసారీ నోరు విప్పి చెప్పాలి.

చెప్పడం కూడా చూసి చెప్పాలి. చాలామంది తెవికీలో మొట్టమొదట రాసేది ఇలాంటి చుక్కే. తన అభిమాన హీరో సినిమా పేరు చేర్చి, పేజీ భద్రపరిచి, మర్నాడు వచ్చి చూసుకుంటాడు. అక్కడ అది లేకపోతే, కారణం కూడా లేకపోతే, ఇంక రాడు. అందుకే నేను తీసేసిన ప్రతి చుక్కకీ చర్చ పేజీలో నాలుగు ముక్కలు రాస్తాను: ఈ సినిమా తర్వాత బురుజుకి సందర్శకులు పెరిగారా, దాని గురించి ఏ పేపర్లోనైనా వచ్చిందా, కర్నూలు వాళ్లయితే జిల్లా ఎడిషన్ పాత కాపీలు దొరుకుతాయేమో చూడండి, దొరికితే వాక్యం మీరే రాయండి అని. ఎక్కువమంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లలో ఒకాయన ఇప్పుడు కోటల మీద నాకన్నా మంచి వ్యాసాలు రాస్తున్నాడు, నా చుక్కలు తీసేస్తున్నాడు కూడా.