సుత్తికి లొంగని లోహం

ఇంటి పెరట్లో కత్తులు చేసుకునే సరదా ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. వాళ్లు మొదట కోరుకునేది కొలిమి, ఆ తర్వాత ప్రెస్సు. లారీల కింద పెట్టే ఇరవై టన్నుల జాకీని ఇనుప చానళ్ల చట్రంలో బిగించి, కణకణలాడే ఉక్కును దాని కింద నొక్కుతారు. సుత్తిదెబ్బ పైపైన సాగదీస్తే, ప్రెస్సు ఒత్తిడి ముద్ద లోపలికంటా దిగుతుంది. పక్కింటివాళ్ల నిద్ర కూడా చెడదు. చిక్కల్లా చేత్తో కొట్టే జాకీ నెమ్మదితోనే. అది దిగేలోగా ఉక్కు వేడి దిమ్మెల్లోకి పోతుంది. అందుకే చేతిలో కాస్త డబ్బు ఆడగానే మోటారు పంపు బిగించుకుంటారు.

జహీరాబాద్ దాటి బీదర్ వెళ్లి, నల్లటి పాత్రల్లో వెండి పొదిగే బిద్రీ పనివాళ్ల కార్ఖానాల్లో ఇలాంటి యంత్రం కోసం వెతకడం దండగ. డబ్బు లేక కాదు, ఆ లోహానికి అది గిట్టదు. బిద్రీ పాత్రలో పదహారు పాళ్లు తుత్తునాగం, ఒక పాలు రాగి. పోతపోసిన తుత్తునాగం చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొడితే పగులుతుంది. నూరు నుంచి నూటయాభై డిగ్రీల దాకా వేడిచేస్తే మెత్తబడి రేకుగా సాగుతుంది, ఇంకా వేడెక్కిస్తే మళ్లీ పెళుసే. ఈ ఇరుకు సందును పట్టుకుని ఇంగ్లండులోని షెఫీల్డ్ వాళ్లు 1805లో తుత్తునాగం రేకులు తీయడానికి పేటెంటు పొందారు. బీదర్ పనివాళ్లు ఆ జోలికే పోలేదు. కొట్టి రూపం తేలేని లోహానికి పోతతోనే రూపమిచ్చి, సుత్తిని వెండి కోసం దాచుకున్నారు. ఈ కళ తెలివంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

ఎర్రమట్టిలో ఆముదం, గుగ్గిలం కలిపి అచ్చు కడతారు. తుత్తునాగం 420 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి చిన్న కొలిమి చాలు. రాగి కరగాలంటే వెయ్యి దాటాలి, కానీ కరిగిన తుత్తునాగంలో అది తక్కువ వేడికే కలిసిపోతుంది. మంట మరీ హెచ్చితే మాత్రం తెల్లటి పొగ లేస్తుంది, దాన్ని పీల్చినవాడికి ఆ రాత్రి జ్వరం ఖాయం. పోత చల్లారాక ఆకురాయి పట్టి, నున్నగా రుద్ది, మైలుతుత్తం నీళ్లు పూస్తారు. దాంతో వచ్చే నలుపు తాత్కాలికం, గీత కనబడడానికే. ఆ నలుపు మీద ఉక్కుమొనతో తీగలూ పూలూ గీస్తారు. ముందుగా గీసిపెట్టుకున్న కాగితమేదీ ఉండదు, చెయ్యి ఎటు తిరిగితే అటు.

తర్వాతిది ఉలి పని. ఇక్కడే పనితనం తేలిపోతుంది. గాడి పైన ఇరుకుగా, అడుగున కాస్త వెడల్పుగా ఉండాలి. శుద్ధమైన వెండిని కమ్మచ్చులోంచి సన్నటి తీగగా లాగి, ఆ గాడిలో పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా తడతారు. వెండి మెత్తన కాబట్టి అడుగున పరుచుకుని, పై అంచుల కింద ఇరుక్కుని నిలిచిపోతుంది. జిగురు లేదు, టంకం లేదు. కత్తులవాళ్లు టన్నులతో సాధించేది ఇక్కడ వేలెడు ఉలి మొన సాధిస్తుంది, ఎందుకంటే బలమంతా గాడి ఆకారంలోనే ఉంది. తీగ పనిని తార్‌కశీ అంటారు, రేకు ముక్కలు పొదిగితే తెహ్‌నిశాన్. వెండి రేకునే పరిచి దానిలో పువ్వుల ఖాళీలు వదిలితే ఆఫ్తాబీ, అంటే పువ్వు నల్లన, నేల తెల్లన. నాకైతే తార్‌కశీయే ఎక్కువ, ఆఫ్తాబీలో వెండి ఆడంబరం కాస్త ఎక్కువైనట్టుంటుంది.

చివర్న నలుపు. పాత్రను కాస్త వేడిచేసి, నవాసారం, బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంతో రుద్దుతారు. తుత్తునాగం పొర మాత్రం నల్లగా మారుతుంది, వెండి చెక్కుచెదరదు. ఎండా వానా సోకని పాత గోడల చోటునుంచి తెచ్చిన మట్టే పనికొస్తుందంటారు, నాలుక మీద వేసుకుని రుచి చూసి ఏరుకుంటారు. ఈ మట్టి చుట్టూ మహిమలు అల్లేవాళ్లు ఎక్కువ. కానీ ఒకప్పుడు బిహారులోని పూర్ణియాలో, లక్నోలో కూడా బిద్రీ చేశారు, వాళ్ల దగ్గర బీదర్ కోట లేదు. పాతమట్టిలో పేరుకునే సురేకారం లాంటి లవణాలది ఒక పాత్రైతే, ఆ కాస్త రాగిది మరో పాత్ర. రాగి లేని ఒట్టి తుత్తునాగం మీద ఇంత చిక్కటి నలుపు పట్టదు. పనివాడి నాలుక పట్టేది మహిమను కాదు, ఉప్పునే. అది ఇంకా గొప్ప సంగతి కాదూ?

ఈ కళను బహమనీల కాలంలో ఇరాన్ నుంచి వచ్చిన పనివాడు నేర్పాడని స్థానికుల కథ. ఇప్పుడు మ్యూజియాల్లో దొరికే పాత వస్తువులు 17వ శతాబ్దానికి అటూ ఇటూనివి. నల్లని నేల మీద మెరుపు పొదగాలన్న మోజు మాత్రం ఊరిలోనే ఉంది. కోటలోని రంగీన్ మహల్‌లో, 16వ శతాబ్దపు అలీ బరీద్ కాలంలో, నల్లరాతిలో ముత్యపు చిప్ప పొదిగారు. 1851లో లండన్ మహాప్రదర్శనకు బిద్రీ వెళ్లింది. హుక్కా కుండలు, పాన్‌దాన్లు, సురాహీలు నిజాం కొలువు నిండా ఉండేవి, హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ఇప్పటికీ చూడొచ్చు. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా. హుక్కాలు పోయాయి, ఇప్పుడు కార్ఖానాల్లో పూలకూజాలు, చెవిదిద్దులు, పెన్‌డ్రైవ్‌లు.

2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు. పేరుకు రక్షణ దొరికింది, వెండి ధరకు మాత్రం ఎవరూ పగ్గం వేయలేదు. వెండి పెరిగిన ప్రతిసారీ తీగ సన్నబడుతుంది, రేకు పలచబడుతుంది, ఆఖరికి కూలి తగ్గుతుంది. యంత్రం రాకూడదని కాదు. మెరుగుకు మోటారు చక్రం వచ్చింది, వచ్చినందుకు భుజాలు బతికాయి. పొగను లాగే పంకా, ధూళిని పట్టే గొట్టం కూడా అలాగే రావాలి. గాడి చెక్కే చోట మాత్రం అచ్చుముద్ర వేసి పువ్వుల్ని దించే ఆశ పెట్టుకోవద్దు. అడుగు వెడల్పైన గాడిని అచ్చు ఒత్తలేదు, ఒత్తినా బయటికి రాలేదు. నిటారు గాడిలో పెట్టిన వెండి నాలుగేళ్లకు లేచిపోతుంది.

కొనేవాళ్లకు ఒక మాట. ఇత్తడి చెంబులాగా దీన్ని చింతపండుతో తోమొద్దు, పులుపుకు నలుపు పోతుంది. గుడ్డమీద రెండు చుక్కల కొబ్బరినూనె చాలు. అత్తగారు చూడకుండా తోమేసినా కంగారు పడక్కర్లేదు. బీదర్ పంపిస్తే మళ్లీ వేడిచేసి, కోట మట్టి రుద్ది నల్లబరిచిస్తారు.