చల్లని కప్పు – ఎవరి ఇంటికి?

వేసవిలో ఇల్లు చల్లగా ఉంచుకొనుట ఎవరి తంటా వారిదే అని లోకము చాలకాలము తలచినది. అందుకొక ప్రభుత్వ విధానము కావలెనని తలచి, ప్రత్యేకముగా ప్రకటించిన మొదటి రాష్ట్రము తెలంగాణ. 2023 ఏప్రిలు 3వ తేదీన వెలువడిన ‘కూల్ రూఫ్ పాలసీ’, అనగా శీతల కప్పుల విధానము, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లని కప్పుగా మార్చవలెనని సంకల్పించినది. ఇందులో 200 హైదరాబాదు ప్రాంతమునకు, 100 మిగిలిన రాష్ట్రమునకు. సంకల్పము గొప్పది. దాని వెనుకనున్న శాస్త్రము సరియైనది. అయితే ఆ శాస్త్రము ఎవరి నెత్తిమీది కప్పుకు చేరునన్నది విచారింపదగిన ప్రశ్న. పారిశ్రామిక ప్రాంతమైన జిన్నారమును దృష్టిలో ఉంచుకొని చూచినచో ఈ ప్రశ్న స్పష్టమగును.

ముందు శాస్త్రము సంగతి. జిన్నారము సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద ఉన్నది. మే నెల రెండవ వారములో అక్కడ మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆ వేళ నిలువు గోడలమీద నేరుటెండ పడదు, పడునదంతయు కప్పుమీదనే. ఆకాశము నిర్మలముగా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పుమీద పడు శక్తి సుమారు వేయి వాట్లు. 20 చదరపు మీటర్ల చిన్న ఇల్లయినచో, వేయి వాట్ల విద్యుత్ పొయ్యిలు ఇరువది కప్పుమీద బోర్లించినట్లే. మాసి నల్లబడిన సిమెంటు స్లాబు ఇందులో సుమారు నాలుగింట మూడు వంతులు పీల్చుకొనును. తెల్లని సున్నము తాజాగా పూసిన కప్పు నాలుగింట ఒక వంతుకు కొంచెము పైగా మాత్రమే పీల్చుకొనును. అనగా పదునైదు పొయ్యిలు ఐదారుకు దిగినవి. పీల్చుకొన్న వేడియంతయు గదిలోనికి రాదు; కొంత గాలికి, కొంత వికిరణ రూపమున ఆకాశమునకు పోవును. మిగిలినది క్రిందికి దిగును.

పరావర్తనమొక్కటే చాలదు. కొత్త జి.ఐ. రేకు అద్దమువలె మెరయును. ఎండను చాలవరకు త్రిప్పికొట్టును. అయినను చేయి పెట్టినచో కాలును. కారణమేమి? లోహమునకు వేడిని వికిరణముగా విడుచు గుణము తక్కువ. పుచ్చుకొన్న కొద్దిపాటి వేడిని కూడ అది త్వరగా వదలదు. సున్నమునకును, తెల్లరంగునకును ఈ రెండు గుణములు ఉన్నవి. ఎండను త్రిప్పికొట్టును, చిక్కిన వేడిని విడిచిపెట్టును.

ఇక విధానములోని లోపములు. ప్రభుత్వ భవనములకు, వాణిజ్య భవనములకు చల్లని కప్పు తప్పనిసరి చేసిరి. నివాస గృహములకైతే 600 గజములు, అనగా సుమారు 500 చదరపు మీటర్లు, లేక అంతకు మించిన స్థలములో కట్టిన వానికే నిర్బంధము. చిన్న ఇండ్లవారి విషయము వారి ఇష్టమునకు విడిచిరి. పరిపాలనా సౌకర్యమునకు ఈ గీత పనికివచ్చును, భౌతికశాస్త్రమునకు సరిపడదు. 600 గజములలో ఇల్లు కట్టుకొన్నవానికి చెట్లు, వరండా, పై అంతస్తు, ఎ.సి. ఉండు అవకాశము ఎక్కువ. గడ్డపోతారము, ఖాజీపల్లి, బొల్లారము పారిశ్రామిక వాడల చుట్టుపట్ల కూలీలు కిరాయికుండు ఒంటి అంతస్తు వరుస గదులకు రేకో, పలుచని స్లాబో తప్ప నీడ లేదు. ఇంటి విస్తీర్ణము తగ్గినకొలది అక్కర పెరుగుచున్నది. నిర్బంధము మాత్రము తగ్గుచున్నది.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కార్మికుడు నిద్రపోవలసినది పగలు. రేకు క్రింద వేడి వెంటనే దిగును. స్లాబు క్రింద కొన్ని గంటలు ఆలస్యముగా, సాయంకాలము మొదలుకొని దిగును. పగటి కార్మికునికి స్లాబు రాత్రి నిద్రను చెరచును. రాత్రి కార్మికునికి రేకు పగటి నిద్రను చెరచును. నిద్ర చాలని మనిషి మరునాడు యంత్రము వద్ద నిలువవలెను గదా!

రెండవ లోపము కొలతలో ఉన్నది. విధానము చదరపు కిలోమీటర్లను లెక్కించుచున్నది. గదిలోని డిగ్రీలను కాదు. రంగుల ప్రకటనలు ఈ సందు చూచుకొని కప్పు ఉపరితలముపై తగ్గిన ఉష్ణోగ్రతను గదిలో తగ్గినదిగా భ్రమింపజేయును. 2017లో హైదరాబాదులో 25 పేద ఇండ్లపై జరిగిన పరీక్షలో ఇంటిలోని గాలి సగటున 2 డిగ్రీల సెంటీగ్రేడు చల్లబడినది. ఇది చిన్న అంకె అని తోచవచ్చును. కాని వేడెక్కిన రేకు గాలిని మాత్రమే కాక, క్రింద పరుండిన మనిషిని నేరుగా వికిరణముతో కాల్చును. ఆ బాధ తగ్గుటను గాలిలో వ్రేలాడగట్టిన ఉష్ణమాపకము పూర్తిగా చూపదు. కాబట్టి సత్యమైన చిన్న అంకె, అతిశయించిన పెద్ద అంకెకన్న మేలు.

మూడవది ఖర్చు. చదరపు మీటరునకు సుమారు 300 రూపాయలగునని, కరెంటు ఆదాతో అది తిరిగివచ్చునని విధానము ప్రకటించిననాడు చెప్పిరి. ఎ.సి. ఉన్నవానికి ఈ లెక్క కుదురును. ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో ఆదా చూపుటకు బిల్లే లేదు. 20 చదరపు మీటర్లకు 6,000 రూపాయలు పెట్టవలసినది యజమాని, చల్లదనము కిరాయిదారునిది. లాభము ఒకరిది, ఖర్చు మరొకరిది అయినచోట ‘ఇష్టము’ అను మాట వ్యర్థము. అహమ్మదాబాదు నగరము 2017లో తన పథకమును పేదల బస్తీల కప్పులకు సున్నము పూయుటతోనే ఆరంభించినది. ఆ క్రమము ఇక్కడ అనుసరింపదగినది.

నిర్వహణ మరువరాదు. పొగగొట్టముల దుమ్ము పడు ప్రాంతములో తెలుపు త్వరగా మాయును. సున్నమును వానలు కడిగివేయును. ఉగాదికి గోడలకు సున్నము వేయు అలవాటు మనకున్నదే. ఏటేట ఆ సున్నము స్లాబుమీదికి కూడ ఎక్కవలెను. ఆస్బెస్టాస్ రేకుల విషయములో మాత్రము జాగ్రత్త అవసరము. వాటిని గీకినచో లేచు సన్నని పోగులు ఊపిరితిత్తులకు హాని చేయును. మనిషి ఎక్కినచో రేకు విరుగును. అట్టి గదులకు తాటాకు పందిరి నీడయో, లోపలి కప్పో మేలు. మిద్దె ఇండ్లలో దళసరి మట్టి చేసిన పనిని రంగు పూత ఒక్కటే చేయజాలదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒకే పరిమాణముగల రెండు అట్టపెట్టెలపై రెండు పాత ఇనుప రేకులు కప్పి, ఒకదానికి సున్నము పూయవలెను. రేకుకు తగులకుండ లోపల ఉష్ణమాపకములు ఉంచి, మధ్యాహ్నము రెండు గంటలకు, రాత్రి తొమ్మిదింటికి చూచి వ్రాసికొనవలెను. వారము తరువాత సున్నముమీద దుమ్ము చల్లి మరల కొలువవలెను. విధానములోని గుణదోషములు రెండును ఆ పట్టికలో కనబడును.

చల్లని కప్పు శాస్త్రసమ్మతమైన సాధనము. దానిని పెద్ద ఇంటినుండి చిన్న ఇంటికి కాక, రేకు గదినుండి పైకి తీసికొనిపోయిననాడే ఈ విధానము తన పేరును సార్థకము చేసికొనును.